బ్లూయింగ్ ఉన్న రివాల్వర్: శుభ్రం చేయడం, తుప్పు పట్టకుండా కాపాడుకోవడం

దసరా ఆయుధ పూజనాడు మా ఇంట్లో నాన్నగారి .32 రివాల్వర్ గొట్టం మీద తడి గంధం అద్ది, దానిపై కుంకుమ బొట్టు పెట్టేవాళ్లం. ఒక ఏడాది పూజ ముగిశాక దానిని తుడవకుండానే పెట్టెలో పెట్టేశాం. దీపావళి దాటాక తీసి చూస్తే, బొట్టు ఉన్నంత మేర పావలా కాసంత గుండ్రంగా నీలి నలుపు పోయి గోధుమ రంగు మచ్చ తేలింది. నూనె గుడ్డతో కుంకుమ పోయింది గానీ, గోరు ఆనిస్తే తగిలేటంత సన్నని గుంటలు ఉక్కులో మిగిలిపోయాయి. ఆ తరువాతి నుంచి బొట్టు చెక్క పిడి మీదనే పెడుతున్నాం, పూజ రోజు సాయంత్రమే తుడిచేస్తున్నాం.

అంత త్వరగా ఎందుకు చెడిందో తెలియాలంటే బ్లూయింగ్ అంటే ఏమిటో తెలియాలి. ఇది పైన పూసిన రంగు కాదు. కాస్టిక్ సోడా, నైట్రేటు లవణాలు కలిపిన ద్రావణాన్ని దాదాపు 140 డిగ్రీల సెల్సియస్ వద్ద మరిగించి అందులో ఉక్కును ముంచితే, దాని పైపొరే నల్లని ఐరన్ ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు మాత్రమే ఉంటుంది. తల వెంట్రుక అంతకు ముప్ఫై రెట్లు ఉంటుంది. పైగా ఆ పొరలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. అందువల్ల బ్లూయింగ్ తనంతట తాను తుప్పును ఆపలేదు. నూనెను పట్టి ఉంచడమే దాని అసలు ప్రయోజనం. నూనె ఆరిపోయిన బ్లూయింగ్ చూడటానికి ఎంత నల్లగా ఉన్నా, దాని కింది ఉక్కుకు రక్షణ లేనట్టే.

పని మొదలుపెట్టే ముందు రివాల్వర్ తెరిచి, సిలిండర్‌లో తూటాలు పట్టే ఆరు గదులూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవాలి. మనం కూర్చుని పని చేసే గదిలో తూటాలే ఉండకూడదు. కిటికీలు తెరిచి, చేతులకు నైట్రైల్ తొడుగులు వేసుకుని కూర్చోవాలి. తొడుగులు సాల్వెంటు (మసిని కరిగించే ద్రవం) నుంచి మన చర్మాన్ని కాపాడతాయి, మన చెమటలోని ఉప్పు నుంచి ఉక్కునూ కాపాడతాయి. వేసవిలో చెమట చేతితో పట్టుకున్న చోట వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేవడం నేను చూశాను.

ముందుగా పొడి బట్టతో దుమ్ము దులపాలి. నూనె తడి మీద ఇసుక రేణువులను రుద్దితే సన్నని గీతలు పడతాయి కాబట్టి ఈ క్రమం తప్పకూడదు. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు పంచె ముక్క ఇందుకు చాలా బాగా పనికివస్తుంది. కాల్పుల తరువాత అయితే గొట్టాన్ని, సిలిండర్ గదులను సాల్వెంటు అద్దిన గుడ్డతో శుభ్రం చేసి, బయట చిందిన సాల్వెంటును వెంటనే తుడవాలి. సిలిండర్ ముందు ముఖం మీద మసి వలయాలు ఏర్పడతాయి. వాటిని పూర్తిగా పోగొట్టాలనే పట్టుదలతో గీకేవారు మసితో పాటు బ్లూయింగును కూడా పోగొట్టుకుంటారు. సీసపు మరకలు తీసే రసాయనపు గుడ్డలు కూడా బ్లూయింగును ఊడదీస్తాయి. ఆ వలయాలు ఉన్నా ఆయుధానికి నష్టం లేదు, వదిలేయండి. నికెల్ పూత ఉన్న ఆయుధానికి మాత్రం అమ్మోనియా కలిసిన సాల్వెంటు వాడకపోవడమే మేలు; పూత ఎక్కడైనా పగిలి ఉంటే అది కిందికి చేరి, నికెల్ అడుగున ఉన్న రాగి పొరను తినేస్తుంది.

తరువాత నూనె. గన్ ఆయిల్ దొరకకపోతే కుట్టు మిషన్‌కు వాడే స్వచ్ఛమైన మినరల్ ఆయిల్ సరిపోతుంది. కొబ్బరి నూనె, ఆముదం వద్దు. గాలికి అవి చిక్కబడి, జిగురుగా మారి దుమ్మును పట్టుకుంటాయి. డబ్ల్యూడీ-40 తడిని తరిమేయడానికి మంచిదే గానీ, నెలల తరబడి నిలిచే రక్షణ ఇవ్వదు. గుడ్డ మీద నాలుగైదు చుక్కలు వేసి, ఉక్కు మీద తడి మెరుపు కనిపించేంత పలచగా పూస్తే చాలు. నూనె కారేలా పోస్తే అది చెక్క పిడిలోకి ఇంకి చెక్కను మెత్తబరుస్తుంది. పిడి కింద ఉన్న ఫ్రేమ్ భాగాన్ని చాలామంది మరిచిపోతారు. చెమట అక్కడికే జారి నిలుస్తుంది కాబట్టి, ఏడాదికి ఒకసారైనా సరైన స్క్రూడ్రైవరుతో పిడి విప్పి చూడాలి.

తుప్పు అప్పటికే లేచి ఉంటే తొందరపడకూడదు. మచ్చ మీద నూనె వేసి ఒక రోజు నాననిచ్చి, ముతక గుడ్డతో రుద్దండి. పోకపోతే 0000 నంబరు స్టీల్ ఊల్‌ను (అతి సన్నని ఉక్కు పీచు) నూనెలో తడిపి, వేలి బరువు తప్ప వేరే ఒత్తిడి లేకుండా తిప్పండి. మొండి మచ్చకు రాగి రేకు అంచు వాడవచ్చు. రాగి ఉక్కు కన్నా మెత్తన కాబట్టి తుప్పు రాలుతుంది, ఉక్కు గీసుకుపోదు. ఇత్తడి చెంబులు తోమే చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ వంటి పులుపును దగ్గరికి రానివ్వకండి. ఆమ్లం తగిలితే నల్లని పొర నిమిషాల్లో కరిగిపోయి తెల్లని ఉక్కు బయటపడుతుంది. సాన కాగితం అసలే వద్దు. ముఖ్యంగా నంబరు చెక్కి ఉన్న చోట ఏ రాపిడీ పనికిరాదు, ఎందుకంటే ఆ గుర్తులను చెరపడాన్ని 1959 ఆయుధాల చట్టం 8వ సెక్షన్ నిషేధించింది. పొర పెద్ద మేరలో పోతే లైసెన్సు ఉన్న మరమ్మతుదారు చేత మళ్లీ బ్లూయింగ్ చేయించడమే సరైన మార్గం. సీసాల్లో అమ్మే, వేడి చేయకుండానే పూసే కోల్డ్ బ్లూ చిన్న గీతలకు పనికివస్తుంది గానీ, దాని రంగు పాతదానితో కలవదు, ఎక్కువ కాలం నిలవదు. అందులో విషపూరితమైన సెలీనియం ఉంటుంది కాబట్టి తొడుగులు తప్పనిసరి.

భద్రపరచడంలో తోలు ఒరకు చోటు లేదు. తోలు తేమను పీల్చుకుంటుంది, దానిని పదును చేసిన లవణాలు ఉక్కును తింటాయి. వార్తాపత్రికలో చుట్టినా, స్పాంజి వేసిన పెట్టెలో పెట్టినా ఇదే సమస్య. గాలిలో తేమ 60 శాతం దాటితే ఇనుము తుప్పు వేగం పుంజుకుంటుంది. విశాఖ, కాకినాడ వంటి ఊళ్లలో అది దాటని రోజులు తక్కువ, పైగా సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది. తాళం వేసిన ఉక్కు పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి, గుళికల రంగు మారగానే వేడి చేసి ఆరబెట్టాలి. కోస్తాలో ఉన్నవారు వానాకాలంలో పదిహేను రోజులకొకసారి, మిగతా కాలంలో నెలకొకసారి తీసి చూడటం మంచిది. నెలల తరబడి తీయని ఆయుధానికి నూనె పూర్తిగా తుడిచి, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనాన్ని పలచగా పూసి మెత్తని గుడ్డతో మెరుగుపెడితే, అది నూనెలా జారిపోకుండా నిలుస్తుంది.

ఎన్నికల సమయంలో ఆయుధాన్ని ఠాణాలో జమ చేయవలసి వచ్చినప్పుడు ఈ మైనమే నన్ను ఆదుకుంది. వారాల తరబడి అక్కడి బీరువాలో ఉన్నదానిని మనం తీసి తుడుచుకోలేం. జమ చేసే ముందురోజు రాత్రి శుభ్రం చేసి, మైనం పెట్టి, ఒరలో కాకుండా నూనె పలచగా పట్టించిన నూలు గుడ్డలో చుట్టి ఇవ్వండి. రసీదులో నంబరుతో పాటు ఉన్న మచ్చలు, గీతలు కూడా రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్న రోజే ఖాళీగా ఉందో లేదో చూసుకుని, పిడి విప్పి లోపలి ఫ్రేమ్‌ను, గొట్టం మూతిని వెలుతురులో పరిశీలించండి. తుప్పు ముందుగా కనిపించేది ఆ రెండు చోట్లే.