షో మొదలవకముందే అనలాగ్ మిక్సర్ దగ్గర చూసుకోవాల్సినవి

రేపు ప్రోగ్రామ్‌కి సౌండ్ మిక్సర్ నువ్వే చూసుకోవాలి అని ఎవరైనా చెప్పగానే, ఎదురుగా ఉన్న ఆ వంద నాబ్‌లు చూసి చాలామందికి చేతులు ఆడవు. నిజానికి నేర్చుకోవాల్సింది ఒక్క నిలువు వరుసే. పదహారు ఛానెళ్ల బోర్డు అంటే అదే వరుస పదహారు సార్లు. ఆ వరుసలో పైన మైక్ సిగ్నల్ లోపలికి వస్తుంది, కింద ఫేడర్ (పైకీ కిందకీ జరిపే స్లైడర్) దాటి మెయిన్‌కి, అంటే జనం వినే స్పీకర్లకి వెళ్తుంది, మధ్యలో కొంత మానిటర్లకీ (స్టేజ్ మీదివాళ్లకి వినిపించే స్పీకర్లు) ఎఫెక్ట్‌కీ చీలుతుంది. ఏ నాబ్ తిప్పినా సిగ్నల్ దారిలో దాని తర్వాత ఉన్నదంతా మారుతుంది. షో మధ్యలో జరిగే పొరపాట్లలో చాలావరకు ఇది గుర్తుండకపోవడం వల్లే జరుగుతాయి.

ముందుగా చేయాల్సిన పని బోర్డు మొత్తాన్ని సున్నా చేయడం. డిజిటల్ మిక్సర్‌లో పాత సెట్టింగ్ సేవ్ అయి ఉంటుంది, కావాలంటే వెనక్కి తెచ్చుకోవచ్చు. అనలాగ్‌లో ఆ వీలు లేదు, మీకంటే ముందు వాడినవాళ్లు ఎలా వదిలేశారో నాబ్‌లన్నీ అలాగే ఉంటాయి. ఫేడర్లన్నీ కిందకి, గెయిన్ (మైక్ సిగ్నల్‌ని పెంచే నాబ్) పూర్తిగా ఎడమకి, ఆక్స్ నాబ్‌లన్నీ (మానిటర్లకీ ఎఫెక్ట్‌కీ పంపేవి) మూసేసి, ఈక్యూ నాబ్‌లూ (బేస్, ట్రెబుల్ సర్దేవి) ప్యానూ (సౌండ్‌ని ఎడమకీ కుడికీ జరిపేది) నడిమధ్యకి, ఫాంటమ్ (మైక్‌కి కరెంటు పంపే స్విచ్) ఆఫ్. బటన్ల విషయంలో కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే నొక్కి ఉన్న బటన్‌కీ నొక్కనిదానికీ తేడా పైనుంచి చూస్తే సరిగా తెలియదు, పక్కనుంచి టార్చ్ వేసి చూడండి. ఐదు నిమిషాల పని ఇది, గంటసేపు వెతుకులాట తప్పిస్తుంది.

కరెంటు ఇచ్చే వరుస కూడా ముఖ్యం. ముందు కీబోర్డులూ ఎఫెక్ట్ యూనిట్లూ, తర్వాత మిక్సర్, అన్నింటికంటే చివర స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌లు లేదా యాంప్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్లు. ఆపేటప్పుడు సరిగ్గా ఇందుకు తిరగేసి, యాంప్‌లు మొదట. వరుస తప్పితే స్పీకర్లో 'ఢబ్' అని పెద్ద చప్పుడు వస్తుంది, దానికి ట్వీటర్ (సన్నని సౌండ్ ఇచ్చే చిన్న స్పీకర్) పోవచ్చు కూడా.

ఇక గెయిన్. నన్నడిగితే బోర్డు మొత్తంలో ఎక్కువ టైమ్ పెట్టాల్సింది ఈ ఒక్క నాబ్ మీదే. మైక్ నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టుల సిగ్నల్, దాన్ని పనికొచ్చే స్థాయికి పెంచడం గెయిన్ పని. 60 డెసిబెల్‌లు పెంచితే వోల్టేజీ వెయ్యి రెట్లు అయినట్టు. తక్కువ పెడితే తర్వాత ఫేడర్ తోసి తోసి 'స్‌స్' అనే హిస్ కూడా పెంచుకుంటాం, ఎక్కువ పెడితే ఆ పెంచే ప్రీయాంప్ దగ్గరే సౌండ్ పగిలిపోతుంది, ఆ పగిలినదాన్ని ఫేడర్ దించి బాగు చేయలేం. సెట్ చేసేటప్పుడు ఆ ఛానెల్ పీఎఫ్ఎల్ బటన్ (ఫేడర్ కంటే ముందున్న సిగ్నల్‌ని మీటర్‌లోనూ హెడ్‌ఫోన్‌లోనూ చూపేది) నొక్కి మీటర్ చూడండి. పాడేవాళ్లని 'హలో చెక్ చెక్' అనమనకండి, షోలో ఎంత గట్టిగా పాడతారో అంతే గట్టిగా, పాటలో అన్నిటికంటే పైకెళ్లే చోటు పాడించండి. మీటర్ మామూలుగా సున్నా చుట్టూ ఆడాలి, గట్టి చోట కాస్త పైకి తాకినా పర్లేదు, క్లిప్ లైట్ (సౌండ్ పగులుతోందని చెప్పే లైట్) మాత్రం వెలగకూడదు.

ఒకసారి సెట్ చేశాక షో అయ్యేదాకా దాని జోలికి వెళ్లొద్దు. ఇది నాకు దెబ్బ తిన్నాకే ఒంటబట్టింది. ఒక ప్రోగ్రామ్‌లో గొంతు సరిగా వినపడట్లేదని, ఫేడర్ పక్కనే ఉన్నా గెయిన్ మీద చెయ్యి వేశాను. గెయిన్ అన్నింటికంటే ముందుంది కదా, మెయిన్‌తో పాటు స్టేజ్ మీది మానిటర్‌కి వెళ్లే సౌండూ పెరిగింది, పాట నడుస్తుండగానే ఆ మానిటర్ కీచుమని అరిచింది. పాడుతున్న మనిషి ఉలిక్కిపడి మైక్ దూరం పెట్టేసిన ఆ క్షణం నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది.

ఫేడర్‌ని సున్నా గీత (అట్టడుగు కాదు, పైభాగంలో 0 అని ఉండే గీత) దగ్గర పెట్టుకుని పని చేయడానికి కారణం ఉంది. ఆ గీత చుట్టుపక్కల ఒక సెంటీమీటరు కదిపితే కొద్ది డెసిబెల్‌లే మారతాయి, అదే సెంటీమీటరు కింద చివర కదిపితే ఒక్కసారిగా ఎంతో మారిపోతుంది. కింద ఎక్కడో పెట్టుకుని సన్నగా సర్దడం ఎవరి చేతా కాదు.

ఫాంటమ్ పవర్ అంటే కరెంటు ఉంటేనే పనిచేసే కండెన్సర్ మైకులకీ, కొన్ని డీఐ బాక్సులకీ (గిటార్, కీబోర్డు సిగ్నల్‌ని మైక్ ఇన్‌పుట్‌కి సరిపోయేలా మార్చే చిన్న పెట్టెలు) అదే కేబుల్లో పంపే 48 వోల్టులు. చిన్న బోర్డులు చాలావాటిలో అన్ని ఛానెళ్లకీ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది, కాబట్టి ఏ ఇన్‌పుట్‌కి ఏం తగిలించారో ముందే చూసుకోండి. బాగున్న బ్యాలెన్స్‌డ్ కేబుల్ మీద మామూలు డైనమిక్ మైక్‌కి ఏమీ కాదు. పాత రిబ్బన్ మైక్ (లోపల పల్చటి లోహపు రేకు ఉండేది) ఉంటే మాత్రం రిస్క్ తీసుకోవద్దు, కేబుల్లో చిన్న షార్ట్ ఉన్నా ఆ రిబ్బన్ సాగిపోవచ్చు. స్విచ్ వేసేముందు ఛానెళ్లు మ్యూట్ చేసి, వేశాక కొన్ని సెకన్లు ఆగి అప్పుడు తెరవండి. ఫాంటమ్ ఆన్‌లో ఉండగా మైక్ పీకడం, పెట్టడం చేయొద్దు.

కీబోర్డు, ల్యాప్‌టాప్ లాంటివి లైన్ ఇన్‌పుట్‌లోకే (మైక్ కంటే గట్టి సిగ్నల్ కోసం ఉన్నది) రావాలి. తప్పనిసరై మైక్ ఇన్‌పుట్‌లో పెట్టాల్సివస్తే డీఐ బాక్స్ వాడండి, సిగ్నల్‌ని తగ్గించే ప్యాడ్ బటన్ ఉంటే నొక్కండి. గిటార్ యాంప్ స్పీకర్ అవుట్‌ని ఎట్టి పరిస్థితుల్లోనూ మిక్సర్‌కి నేరుగా కలపకండి.

గొంతులు వచ్చే ప్రతి ఛానెల్లో హై పాస్ ఫిల్టర్ నొక్కేయండి, సాధారణంగా 80 నుంచి 100 హెర్ట్జ్ కంటే కింద ఉన్న బరువైన సౌండ్‌ని కోస్తుంది, స్టాండు తగిలిన చప్పుడూ గాలి 'బుస్సు'మనడమూ చాలావరకు పోతాయి. కిక్ డ్రమ్, బేస్ గిటార్‌లకి నొక్కొద్దు. ఈక్యూలో పెంచడం కంటే తగ్గించడంతో మొదలుపెట్టండి, ఎందుకంటే పెంచిన ప్రతి చోటా ఫీడ్‌బ్యాక్‌కి (స్పీకర్ సౌండ్ తిరిగి మైక్‌లోకి వెళ్లి కీచుమనడం) దారి తెరిచినట్టే.

ఆక్స్ దగ్గర కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ప్రీ, పోస్ట్ అనే చిన్న బటన్ దగ్గర. ప్రీ అంటే ఫేడర్ కంటే ముందే చీలుతుంది, పోస్ట్ అంటే ఫేడర్ తర్వాత. మానిటర్లు ప్రీలో ఉండాలి, లేకపోతే మీరు జనం కోసం ఫేడర్ ఎత్తిన ప్రతిసారీ స్టేజ్ మీద కూడా సౌండ్ పెరుగుతుంది. రివర్బ్ (గొంతుకి హాల్లో మోగినట్టు ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) పోస్ట్‌లో ఉండాలి, లేకపోతే ఫేడర్ పూర్తిగా దించినా మనిషి లేని గొంతులా రివర్బ్ ఒక్కటే వినిపిస్తూ ఉంటుంది. ఇందులోంచి వచ్చే ఇంకో చిక్కు ఏంటంటే, ఫేడర్ దించితే మైక్ ఆగిపోయిందని అనుకుంటాం, కానీ ప్రీలో ఉన్న మానిటర్‌లో అది ఇంకా బతికే ఉంటుంది. వాడని మైక్‌కి మ్యూట్ నొక్కండి, ఆ మ్యూట్ మీ బోర్డులో ఆక్స్‌ని కూడా ఆపుతుందో లేదో సౌండ్ చెక్‌లోనే చూసుకోండి. రివర్బ్ సౌండ్ బోర్డులోకి ఒక ఛానెల్ ద్వారా తిరిగి వస్తుంటే, ఆ ఛానెల్లో రివర్బ్‌కి పంపే ఆక్స్ నాబ్ సున్నాలో ఉండాలి, లేదంటే దానికదే తిరిగి తిరిగి మోగుతుంది.

తెరిచి ఉన్న మైకులు రెట్టింపు అయిన ప్రతిసారీ ఫీడ్‌బ్యాక్ రాకుండా వాడుకోగల సౌండ్ దాదాపు 3 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఎవరూ పట్టుకోని మైకులు మ్యూట్ చేయడం అందుకే. కీచుమన్నప్పుడు టెన్షన్ పడి అన్నీ తిప్పకండి, చివరగా ఏది పెంచారో దాన్నే దించండి.

సోలో బటన్ (ఇందాకటి పీఎఫ్ఎల్ లాంటిదే) నొక్కి మర్చిపోతే మీటర్ ఆ ఒక్క ఛానెల్‌నే చూపిస్తుంది, మెయిన్ సౌండ్ పోయిందనుకుని కంగారు పడతాం. పెద్ద బోర్డుల్లో సోలో ఇన్ ప్లేస్ అనేది వేరే ఉంటుంది, అది నొక్కితే మిగతా ఛానెళ్లన్నీ జనానికి నిజంగానే ఆగిపోతాయి. షో మొదలయ్యేముందు అది ఆఫ్‌లో ఉందని రెండుసార్లు చూడండి.

హమ్ (ఆగకుండా వచ్చే 'మ్‌మ్' అనే శబ్దం) వస్తోందని ప్లగ్ ఎర్త్ పిన్ తీసేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి, మైక్ పట్టుకుని పెదాలు ఆనించిన మనిషికి షాక్ తగిలేది అక్కడే. డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ ఉంటుంది, అది వాడండి, అన్ని పరికరాలకీ ఒకే చోటి నుంచి కరెంటు తీసుకోండి.

మీ చెవుల సంగతి కూడా. 85 డెసిబెల్‌ల దగ్గర 8 గంటలు భద్రం అని ఒక లెక్క ఉంది, ప్రతి 3 డెసిబెల్‌లకీ ఆ టైమ్ సగమవుతుంది, అంటే 100 దగ్గరికి వచ్చేసరికి 15 నిమిషాలే. హెడ్‌ఫోన్ నాబ్ సున్నాలో పెట్టి, పెట్టుకున్నాక పెంచండి.

ఫేడర్ల కింద మాస్కింగ్ టేప్ అంటించి పేర్లు రాయండి, సౌండ్ చెక్ అయిపోగానే బోర్డు మొత్తం కనిపించేలా ఫోన్‌తో రెండు మూడు ఫోటోలు తీయండి, ఎవరైనా చెయ్యి తగిలించినా తిరిగి పెట్టుకోవచ్చు. నీళ్ల బాటిల్ బోర్డు మీద కాదు, నేల మీద. షో అయ్యాక యాంప్‌లు ఆపి, ఫాంటమ్ ఆఫ్ చేసి ఒక నిమిషం ఆగి, అప్పుడు మైకులు తీయడం మొదలుపెట్టండి.