మొదటి వేట రైఫిల్: డబ్బంతా తుపాకీకే పెట్టకండి

లైసెన్సు చేతికొచ్చి, తక్కువ బడ్జెట్‌లో మొదటి వేట రైఫిల్ చూస్తున్నారా? ఇప్పుడు చవక బోల్ట్ యాక్షన్ రైఫిళ్లు (ప్రతిసారీ చేత్తో బోల్టు లాగి తూటా ఎక్కించేవి) కూడా గురి బాగానే నిలబెడతాయి. దెబ్బ తీసేది నాసిరకం స్కోపే, అంటే రైఫిల్ మీద బిగించి గురి చూసే దుర్భిణి. కాల్చినప్పుడల్లా వచ్చే కుదుపుకి దాని గురి జరిగిపోతుంది, వేటకు అసలైన సమయమైన మసక వెలుతురులో జంతువు సరిగ్గా కనిపించదు. అందుకే రైఫిల్ విషయంలో ఒక మెట్టు తగ్గినా మంచి 3-9×40 స్కోపు (3 నుంచి 9 రెట్ల జూమ్, 40 మి.మీ. ముందు అద్దం) తీసుకోండి. పెద్ద జూమ్ మోజు వద్దు, దగ్గర్లో ఉన్న జంతువును వెతుక్కోవడమే కష్టమవుతుంది. స్కోపును రైఫిల్‌కు పట్టి ఉంచే రింగులు, మౌంట్లు కూడా గట్టివే వేయించండి. క్యాలిబర్ (తూటా రకం) విషయానికొస్తే .308 లేదా, కుదుపు తక్కువ కావాలంటే, 6.5 క్రీడ్‌మోర్ తీసుకోండి. అన్నిటికన్నా ముందు తూటాలకు డబ్బు పక్కన పెట్టండి. రేంజ్‌లో 100 మీటర్ల దగ్గర గురి సరిచూసుకోకుండా జంతువు మీద కాల్చకండి, గాయంతో పారిపోతే దాని బాధకు మనమే కారణం.