రెండు డెక్కుల సీడీ రికార్డరు – స్వయంశిక్షణ
4వ పాఠం: రిమోట్‌తో హరికథ క్యాసెట్టును డిస్కు మీదికి ఎక్కించడం

గడచిన మూడు పాఠాలలో యంత్రానికి తీగలు కలపడం, ఖాళీ డిస్కులను గుర్తించడం, ప్లేయరు డెక్కులో (డిస్కులు పెట్టే రెండు అరలలో వినడానికి ఉన్నది) డిస్కు పెట్టి కావలసిన ట్రాకు వినడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో రిమోట్ సాయంతో క్యాసెట్టులోని ఒక హరికథను రికార్డరు డెక్కులో ఉన్న డిస్కు మీదికి ఘట్టానికొక ట్రాకుగా ఎక్కించి, ఆ డిస్కు మామూలు సీడీ ప్లేయర్లలో కూడా పలికేటట్లు ముగించడం నేర్చుకుందాము.

ఉదాహరణగా హరికథను తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. హరికథకోసమే గోదావరి డెల్టాలోని కపిలేశ్వరపురంలో ఒక పాఠశాల వెలసిన ప్రాంతం మనది. శ్రీరామనవమి పందిళ్ళలోనూ, ఆలయాల కల్యాణోత్సవాలలోనూ చెప్పిన కథలను ఊళ్ళో ఎవరో ఒకరు టేపురికార్డరు పెట్టి పట్టి ఉంచిన క్యాసెట్టులు డెల్టా గ్రామాలలో నేటికీ బీరువా అరల్లో కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి మరో ప్రతి లేదు. కాలువల మధ్య, సముద్రానికి చేరువలో ఉన్న ఊళ్ళలో గాలిలోని తేమకు టేపు మీద తెల్లని బూజు పట్టి ధ్వని క్రమంగా మసకబారుతుంది కాబట్టి ఈ పని ఎంత త్వరగా జరిగితే అంత మంచిది. రెండవ కారణం బోధనకు సంబంధించినది. వచనం, పద్యం, కీర్తన, మధ్యలో మౌనం, అకస్మాత్తుగా చిడతల మోత అన్నీ కలిసి వచ్చే హరికథను సరిగా ఎక్కించగలిగినవారికి సినిమా పాటల క్యాసెట్టు ఏ ఇబ్బందీ పెట్టదు.

ముందుగా డెక్కు, తరువాత ఆజ్ఞ

రెండు డెక్కుల యంత్రాన్ని రిమోట్‌తో నడపడంలో మొదట పట్టుబడవలసిన విషయం ఒక్కటే: మీరు నొక్కబోయే మీట ఏ డెక్కుకు చెందుతుందో నొక్కడానికి ముందే తెలిసి ఉండాలి. రిమోట్‌లు సాధారణంగా రెండు రకాలుగా ఉంటాయి. ఒక రకంలో ప్లేయరుకు ఒక వరుస, రికార్డరుకు ఒక వరుస మీటలు విడివిడిగా ఉంటాయి. మరొక రకంలో ప్లే, పాజ్, స్టాప్ మీటలు రెండు డెక్కులకూ ఉమ్మడివే. ‘సీడీ’ (ప్లేయరు), ‘సీడీఆర్’ (రికార్డరు) అనే ఎంపిక మీటలలో దేనిని చివరిసారి నొక్కితే ఆ డెక్కుకే తరువాతి ఆజ్ఞలన్నీ వెళ్తాయి. పొరపాట్లకు చోటు ఎక్కువగా ఉన్నది ఈ రెండో రకంలోనే.

రిమోట్ నుంచి యంత్రానికి సందేశం వెళ్ళడమే తప్ప యంత్రం నుంచి రిమోట్‌కు జవాబు రాదు. కంటికి కనబడని పరారుణ కాంతిని సెకనుకు సుమారు 36 వేల నుంచి 40 వేల సార్లు మిణుకుమనిపిస్తూ, ఆ మిణుకుల సమూహాల కూర్పుగా రిమోట్ ఒక సంకేతాన్ని పంపుతుంది. దానిని అందుకున్నదీ లేనిదీ, ఏ డెక్కుకు అన్వయించుకున్నదీ యంత్రం ముఖం మీది తెర మాత్రమే చెప్పగలదు. అందువల్ల ఒకే బోదె నుంచి రెండు చేలకు వంతు నీరు పెట్టే రైతు ఏ మడవ తెరిచి ఉందో చూసుకున్న తరువాతే తూము ఎత్తినట్లు, మీరు కూడా ఎంపిక మీట నొక్కి, తెర మీద ఆ డెక్కు పేరు వెలిగిందని కంటితో చూసి, ఆ తరువాతే ఆజ్ఞ ఇవ్వాలి. ఈ మూడు పనులనూ ఇదే వరుసలో ఎప్పుడూ చేసేవారి చేతిలో డిస్కు పాడవడం అరుదు.

ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం సీడీ-ఆర్ (ఒక్కసారి మాత్రమే రాయగలిగే డిస్కు) స్వభావం. క్యాసెట్టులో తప్పు జరిగితే వెనక్కు తిప్పి దాని మీదనే మళ్ళీ రికార్డు చేయవచ్చు. సీడీ-ఆర్‌లో లేజరు కిరణం రంగుపొరను శాశ్వతంగా మారుస్తుంది. ప్లేయరును ఆపుతున్నామనుకొని రికార్డరు నడుస్తుండగా స్టాప్ నొక్కితే ట్రాకు అక్కడితో తెగిపోతుంది. మిగిలిన భాగాన్ని కొత్త ట్రాకుగా కొనసాగించగలమే గాని తెగిన చోటును అతికించలేము.

రిమోట్ పనిచేయడం లేదని అనుమానం వస్తే దాని ముందుభాగాన్ని ఫోను ముందు కెమెరాకు చూపి ఒక మీట నొక్కండి. ఫోను తెర మీద ఊదా లేదా తెలుపు రంగు వెలుగు కనిపిస్తే రిమోట్ సంకేతం పంపుతున్నట్లే. కనిపించకపోతే రెండు బ్యాటరీలనూ ఒకేసారి మార్చండి. నరసాపురం, అంతర్వేది వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగుకు చిలుము పడుతుంది. దానిని పెన్సిలు రబ్బరుతో రుద్ది తీసివేయవచ్చు.

డిస్కు, నిడివి

ఇంటి వాడకానికి తయారైన ఆడియో రికార్డర్లు ‘డిజిటల్ ఆడియో’ అన్న గుర్తు ఉన్న డిస్కులనే స్వీకరిస్తాయని రెండో పాఠంలో చెప్పుకున్నాము. కంప్యూటరు కోసం అమ్మే ఖాళీ డిస్కును ఈ యంత్రాలు తిరస్కరిస్తాయి. అది డిస్కు లోపమూ కాదు, యంత్రం లోపమూ కాదు.

నిడివి లెక్క రికార్డింగుకు ముందే వేసుకోవాలి. డిస్కులు 74 నిమిషాలవి, 80 నిమిషాలవి దొరుకుతాయి. సి-60 క్యాసెట్టు రెండు వైపులా కలిపి ఒక గంట కాబట్టి ఏ డిస్కులోనైనా ఇముడుతుంది. గంటన్నర నడిచే సి-90 క్యాసెట్టు మాత్రం 80 నిమిషాల డిస్కులో కూడా పట్టదు. అటువంటప్పుడు డిస్కు నిండిన చోట కథ తెగిపోకుండా ముందుగా మొత్తం విని, రుక్మిణీ కల్యాణమైతే రుక్మిణి బ్రాహ్మణునితో సందేశం పంపిన ఘట్టం ముగిసేచోటు వంటి సహజమైన విరామాన్ని ఎంచుకొని, మిగిలిన కథను రెండో డిస్కుకు కేటాయించడం మంచిది.

ధ్వని మట్టం

రికార్డరు డెక్కులో డిస్కు పెట్టి, ‘సీడీఆర్’ ఎంచుకొని, సోర్స్ మీటను తెర మీద ‘అనలాగ్’ (క్యాసెట్టు నుంచి తీగల ద్వారా వచ్చే ధ్వని) అన్న మాట వచ్చేవరకు నొక్కండి. తరువాత రికార్డ్ మీట నొక్కితే యంత్రం వెంటనే రికార్డింగు మొదలుపెట్టదు. డిస్కు లోపలి అంచు దగ్గర ఈ పనికే కేటాయించిన చోట లేజరు బలాన్ని పరీక్షించి సరిచేసుకుంటుంది. అది పూర్తయ్యాక రికార్డ్ గుర్తు మిణుకుతూ, యంత్రం ఆజ్ఞ కోసం ఎదురుచూసే స్థితిలో నిలుస్తుంది. ధ్వని మట్టం సరిచేయవలసింది ఈ స్థితిలోనే.

టేపు రికార్డింగుకు అలవాటుపడినవారు ధ్వని మట్టం చూపే ముల్లు అప్పుడప్పుడు ఎరుపులోకి వెళ్ళినా పట్టించుకోరు. టేపులో ఆ కొద్దిపాటి అతిక్రమణ చెవికి పెద్దగా తెలియదు. డిజిటల్ రికార్డింగులో సున్నా డెసిబెల్ అనేది దాటడానికి వీలులేని పైకప్పు. అక్కడికి చేరిన ధ్వని తరంగపు శిఖరం నరికివేసినట్లయి, వినేటప్పుడు పగిలిన చప్పుడుగా వస్తుంది. హరికథలో ఈ ప్రమాదం గాత్రం వల్ల రావడం తక్కువ. చిడతల దెబ్బ క్షణకాలమే ఉన్నా దాని శిఖరం గాత్రం కంటే ఎంతో ఎత్తుకు లేస్తుంది. కాబట్టి దాసుగారు మెల్లగా వచనం చెప్పే భాగాన్ని పెట్టుకొని మట్టం సరిచేయకండి. చిడతలు, మృదంగం, వయొలిన్ కలిసి ఉద్ధృతంగా సాగే కీర్తన భాగాన్ని వెతికి, దానిని వినిపిస్తూ, శిఖరాలు సున్నాకు నాలుగైదు డెసిబెళ్ళ కిందనే ఆగేటట్లు మట్టం నిర్ణయించండి. కొన్ని యంత్రాలలో మట్టం మార్చే మీట రిమోట్ మీద ఉంటుంది, కొన్నింటిలో యంత్రం ముఖం మీద తిప్పే మరగా ఉంటుంది. ఒకసారి నిర్ణయించిన తరువాత రికార్డింగు మధ్యలో దానిని ముట్టుకోవద్దు. వచనం చిన్నగా వినిపిస్తోందని పెంచితే తరువాతి కీర్తనలో ధ్వని పగలక మానదు. వచనానికీ కీర్తనకూ మధ్య ఉన్న ఆ ఎత్తుపల్లాలు కథకుని కళలో భాగం కూడాను.

ట్రాకు గుర్తులు

ఈ పాఠంలో ఎక్కువ సాధన కోరే భాగం ఇదే.

ట్రాకులను విభజించడానికి యంత్రంలో రెండు పద్ధతులున్నాయి. ‘ఆటో’ పద్ధతిలో కొన్ని సెకన్లపాటు నిశ్శబ్దం దొరికినప్పుడు యంత్రమే కొత్త ట్రాకు మొదలుపెడుతుంది. పాటకూ పాటకూ మధ్య ఖాళీ ఉండే క్యాసెట్టులకు ఇది చక్కగా సరిపోతుంది. హరికథకు ఇది పనికిరాదు. కథకుడు ఒక ప్రశ్న వేసి సభను చూస్తూ ఆగిన మౌనాన్ని కూడా యంత్రం ఖాళీగానే లెక్కిస్తుంది. ఫలితంగా ప్రశ్న ఒక ట్రాకులోనూ జవాబు మరో ట్రాకులోనూ పడతాయి. ఇందుకు వ్యతిరేకంగా, పాత క్యాసెట్టులో బుసబుసమనే చప్పుడు ఎక్కువగా ఉంటే నిజంగా ఖాళీ ఉన్న చోట కూడా యంత్రం దానిని నిశ్శబ్దంగా గుర్తించదు. అందుచేత రిమోట్ మీద ట్రాకు మీటను నొక్కి తెర మీద ‘మాన్యువల్’ అన్న మాట కనిపించేటట్లు మార్చుకోండి. ఇక గుర్తు పెట్టే బాధ్యత మీదే.

రికార్డింగుకు ముందు క్యాసెట్టును ఒకసారి పూర్తిగా విని, ఎక్కడెక్కడ గుర్తు కావాలో కాగితం మీద రాసుకోండి. ‘ఈ వచనంలోని చివరి మాట, తరువాత పద్యపు ఎత్తుగడ’ అన్న తీరులో మాటలతో రాసుకుంటే, నిమిషాలు సెకన్లు రాసుకోవడం కంటే ఎక్కువ ఉపకరిస్తుంది. పాత టేపురికార్డర్ల వేగం కొద్దిగా మారుతూ ఉంటుంది కాబట్టి అంకెలు నమ్మదగినవి కావు. రికార్డింగు నడుస్తుండగా ఆ చివరి మాట ముగిసి, కథకుడు ఊపిరి తీసుకునే క్షణంలో గుర్తు పెట్టే మీట నొక్కాలి. ఆలస్యమైతే పద్యపు మొదటి అక్షరం వెనుక ట్రాకులో ఉండిపోతుంది. తరువాత ఎవరైనా ఆ ట్రాకు సంఖ్య నొక్కి వినబోతే పద్యం తల తెగి మొదలవుతుంది. కొంచెం ముందుగా నొక్కితే వచనపు తోక కొద్దిగా వినిపిస్తుందే గాని పద్యానికి లోటు రాదు. కాబట్టి తప్పనిసరి అయితే ముందువైపే తప్పండి. రిమోట్‌ను చేతిలో ఊపుతూ ఉండకుండా, దాని ముఖం యంత్రం వైపు ఉండేటట్లు బల్ల మీద పెట్టి వేలు మీట మీద ఉంచుకుంటే సంకేతం ప్రతిసారీ అందుతుంది.

ఒక ట్రాకు కనీసం నాలుగు సెకన్లు ఉండాలి. ఒక డిస్కులో 99 ట్రాకులకు మించి ఉండవు. ప్రతి పద్యానికీ, ప్రతి కీర్తనకూ ఒక గుర్తు పెట్టినా ఈ హద్దు చేరుకోవడం కష్టమే. అయితే గుర్తులు మరీ ఎక్కువైతే కథ వినేవారికి ఏ సంఖ్యలో ఏముందో తెలియదు. ఘట్టానికొకటి, పేరుమోసిన పద్యానికొకటి చాలునని నా అభిప్రాయం.

ఆపడం, ఫైనలైజ్ చేయడం

క్యాసెట్టు మొదటి వైపు ముగియగానే పాజ్ నొక్కి, రెండో వైపు తిప్పి, తిరిగి కొనసాగించండి. అంతా పూర్తయ్యాక స్టాప్ నొక్కితే తెర మీద ‘అప్‌డేట్’ అనో, దానికి సమానమైన మరో మాటో వస్తుంది. ఏ ట్రాకు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో యంత్రం డిస్కు మీద తాత్కాలిక పట్టికగా రాసుకుంటున్నదని దాని అర్థం. ఆ మాట పోయేవరకు ట్రే తెరవడానికి గాని, కరెంటు తీయడానికి గాని ప్రయత్నించకూడదు.

ఈ స్థితిలో డిస్కు రికార్డరు డెక్కులో మాత్రమే పలుకుతుంది. మామూలు ప్లేయరు వెతికేది డిస్కు మొదట్లో ఉండే శాశ్వత విషయసూచికను. దానిని రాయడమే ఫైనలైజ్. ఫైనలైజ్ మీట నొక్కినప్పుడు యంత్రం నిర్ధారణ కోరుతుంది, చాలా యంత్రాలలో రికార్డ్ మీట నొక్కడమే నిర్ధారణ. ఆ తరువాత రెండు నుంచి నాలుగు నిమిషాలపాటు ఏ మీటకూ యంత్రం స్పందించదు. ఆ సమయంలో కరెంటు పోతే డిస్కు మొత్తం పనికిరాకుండా పోవచ్చు. వానాకాలంలో, గాలివాన రోజులలో మన ఊళ్ళలో కరెంటు తీరు అందరికీ తెలిసినదే కాబట్టి, ఇన్వర్టరు ఉంటే యంత్రాన్ని దానికి కలపండి. లేకపోతే ఫైనలైజ్ పనిని మబ్బు లేని రోజుకు వాయిదా వేయండి. ఫైనలైజ్ చేయని డిస్కు కొన్ని రోజులున్నా చెడదు. వెలుతురు తగలకుండా పెట్టెలో ఉంచితే చాలు.

ఫైనలైజ్ చేసిన సీడీ-ఆర్‌కు మరో ట్రాకు చేర్చలేము. సీడీ-ఆర్‌డబ్ల్యూ (చెరిపి మళ్ళీ రాయగలిగే డిస్కు) అయితే ఎరేజ్ మీటతో ఆ సూచికను చెరిపి మళ్ళీ తెరవవచ్చు, చివరి ట్రాకు నుంచి వెనక్కు ఒక్కొక్కటిగా తుడిచివేయవచ్చు. మధ్యలో ఉన్న ట్రాకును మాత్రం విడిగా తీసివేయలేము. సీడీ-ఆర్‌డబ్ల్యూ తక్కువ కాంతిని ప్రతిఫలిస్తుంది కాబట్టి పాత ప్లేయర్లు కొన్ని దానిని చదవలేవు. సాధనకు సీడీ-ఆర్‌డబ్ల్యూ, భద్రపరచడానికి సీడీ-ఆర్ వాడడం ఇందుకే.

సాధన

ఒక సీడీ-ఆర్‌డబ్ల్యూ తీసుకొని, పది నిమిషాల హరికథ భాగాన్ని మాన్యువల్ పద్ధతిలో ఐదు ట్రాకులుగా రికార్డు చేయండి. ఫైనలైజ్ చేసి, డిస్కును ప్లేయరు డెక్కులోకి మార్చి, రిమోట్ మీది అంకెలతో ఒక్కొక్క ట్రాకునూ నేరుగా పిలిచి, మొదటి అక్షరం పూర్తిగా వినిపిస్తున్నదో లేదో పరిశీలించండి. తల తెగిన ట్రాకు ఒక్కటి ఉన్నా డిస్కును చెరిపి మళ్ళీ చేయండి. ఐదింటికి ఐదూ సరిగా వచ్చిన తరువాత అసలు క్యాసెట్టును సీడీ-ఆర్ మీదికి ఎక్కించండి.

ఆ సీడీ-ఆర్‌ను మాత్రం ఇప్పుడే ఫైనలైజ్ చేయవద్దు. కథ పేరును, ఘట్టాల పేర్లను రిమోట్ మీటలతో డిస్కు మీద రాయడం వచ్చే పాఠంలో నేర్చుకుంటాము. సీడీ-ఆర్ మీద ఆ పేర్లు ఫైనలైజ్‌కు ముందే చేరాలి. ట్రాకుల వరుసలో ఘట్టాల పేర్లను కాగితం మీద సిద్ధం చేసి, ఆ కాగితాన్ని డిస్కు పెట్టెలోనే ఉంచండి.