పీసీ వేడెక్కుతోందా? ఫ్యాన్లు కొనేముందు క్యాబినెట్‌ను పరీక్షించండి

గేమ్ మొదలుపెట్టిన పావుగంటకే ఫ్యాన్లు హోరెత్తుతాయి, ఫ్రేములు పడిపోతాయి. ఇంకో రెండు ఫ్యాన్లు తగిలిద్దామనిపిస్తుంది. కాస్త ఆగండి. బడ్జెట్ క్యాబినెట్లలో చాలాసార్లు కొరత ఫ్యాన్లది కాదు, గాలి లోపలికొచ్చే దారిది. పైసా ఖర్చు లేకుండా దాన్ని తేల్చుకోవచ్చు.

ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ తెరిచి, రోజూ ఆడే గేమ్‌నే 20 నిమిషాలు నడిపి సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) ఉష్ణోగ్రతలు రాసుకోండి. తర్వాత సైడ్ ప్యానెల్ తీసేసి మళ్లీ 20 నిమిషాలు నడపండి. గదిలో ఫ్యాను, ఏసీ రెండుసార్లూ ఒకేలా ఉండాలి, లేకపోతే పోలిక పనికిరాదు. ప్యానెల్ తీశాక 8–10 డిగ్రీలు తగ్గితే లోపం క్యాబినెట్‌లోనే ఉంది. 2–3 డిగ్రీలే తగ్గితే ప్రాసెసర్ మీది కూలర్‌నో, రెంటి మధ్య పూసే థర్మల్ పేస్టునో, గది వేడినో అనుమానించాలి. గది 25 నుంచి 35 డిగ్రీలకు పెరిగితే లోపలి అంకెలు కూడా దాదాపు 10 పెరుగుతాయి. కాబట్టి జనవరిలో 72 చూపించిన గ్రాఫిక్స్ కార్డు మే నెలలో 82 చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు.

ప్యానెల్ తీస్తే చల్లబడుతోంది

ముందు భాగం మూసుకుపోయి ఉంది. ముందు వైపు అద్దం ఉన్న క్యాబినెట్లలో గాలి పక్కనున్న సన్నని సందుల్లోంచే రావాలి. లెక్క చూడండి: 120 మి.మీ. ఫ్యాను మధ్య బొడిపె పోగా గాలి లాగే వైశాల్యం సుమారు 100 చదరపు సెం.మీ., అంటే మూడు ఫ్యాన్లకు 300. రెండు పక్కలా 1 సెం.మీ. వెడల్పు, 36 సెం.మీ. పొడవున్న సందులిచ్చే దారి 72 మాత్రమే. అక్కడ నాలుగో ఫ్యాను బిగించే వీలున్నా పెద్దగా లాభం ఉండదు.

ముందు ప్యానెల్ కూడా తీసి ఒకసారి పరీక్షించండి. చాలావాటిలో కింద అంచు పట్టుకుని లాగితే ఊడొస్తుంది. పవర్ బటన్ వైర్లు దానికే ఉండవచ్చు, మెల్లగా లాగండి. అలా తీసినప్పుడు వేడి బాగా తగ్గితే నిర్ధారణ అయినట్టే. అద్దం నాలుగు మూలలా స్టాండాఫ్‌లతో (అద్దాన్ని ఎడంగా పట్టే చిన్న లోహపు కాళ్లు) బిగించి ఉంటే, పొడవైనవి వేసి సందును 2 సెం.మీ. చేయండి. వీలుకాకపోతే ముందు జల్లెడ లాంటి మెష్ ఉన్న క్యాబినెట్‌కు మారడమే మేలు. ఫ్యాన్లకు పెట్టే డబ్బు అక్కడ పెట్టండి.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొంటుంటే, ముందు వైపు మెష్ వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూడండి. వెలుగు ధారాళంగా బయటికి రావాలి. మెష్ వెనక దట్టమైన ఫిల్టర్, దాని వెనక స్పాంజి కూడా ఉంటే అది పేరుకే మెష్. గ్రాఫిక్స్ కార్డు పొడవు, కూలర్ ఎత్తు కొలిచి పట్టుకెళ్లండి. 155 మి.మీ. కూలర్ కొన్ని చిన్న క్యాబినెట్లలో పక్క అద్దానికి తగిలిపోతుంది.

ఫ్యాన్లు ఉన్నా తేడా లేదు

ఏదో ఒకటి తిరగబడి ఉంటుంది. ఫ్యానులో మోటారును పట్టుకున్న కాళ్లు, స్టిక్కర్ ఉన్న వైపుకే గాలి వెళుతుంది. అగరుబత్తి వెలిగించి పొగ చూడండి: ముందు వైపువి లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. ముందు రెండు, వెనక ఒకటి చాలు, ఇది ఎక్కువ మంది బిల్డ్‌లకు సరిపోతుంది. పైకప్పులో ముందు వైపు ఫ్యాను పెట్టి బయటికి తోయించకండి. కూలర్‌కు చేరాల్సిన చల్లగాలిని అది దారిలోనే ఎత్తుకుపోతుంది. పైన పెట్టాలనుకుంటే వెనక వైపునే పెట్టండి.

లోడ్ పడిన క్షణాల్లోనే సీపీయూ 95 దాటుతోంది

క్యాబినెట్ వేడి పది పదిహేను నిమిషాల మీద నెమ్మదిగా ఎక్కుతుంది. క్షణాల్లో ఎగబాకితే కూలర్ చిప్‌కు సరిగా అతకలేదన్నమాట. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్ చిప్‌లు భారీ లోడ్‌లో 95 దగ్గర నిలిచేలానే తయారయ్యాయి, వాటి విషయంలో కంగారు వద్దు. ఇంటెల్ స్టాక్ కూలర్ అయితే నాలుగు పిన్‌లూ మదర్‌బోర్డు వెనక విచ్చుకుని కనిపించాలి. ఒక్కటి లేచినా ఇదే పరిస్థితి. కొత్త కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర ఒలిచారా అన్నదీ చూసుకోండి. పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ఏఎం4 సాకెట్‌లో కూర్చునే రైజెన్ అయితే పది నిమిషాలు వాడి, సిస్టమ్ ఆపి, వెచ్చగా ఉండగానే కూలర్‌ను అటూ ఇటూ తిప్పి తీయాలి. నిటారుగా లాగితే చిప్ దాంతోపాటే ఊడొచ్చి కాళ్లు వంగుతాయి.

గ్రాఫిక్స్ కార్డు మాత్రమే వేడి

ముందు వైపు కింది ఫ్యాను లేకపోవడం వల్ల తరచూ అలా జరుగుతుంది. ఉన్న ఒక్క ఫ్యానునూ పైన పెట్టి ఉంటే కిందికి, కార్డు ఎదురుగా దించండి.

ఫ్యాన్లు ఎప్పుడూ ఫుల్ స్పీడే

పవర్ సప్లై నుంచి వచ్చే నాలుగు పిన్నుల మొలెక్స్ కనెక్టర్ ద్వారా కరెంటు తీసుకుంటే 12 వోల్టుల మీద ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతాయి, మదర్‌బోర్డు మాట వినవు. మూడు పిన్నుల ఫ్యాను మదర్‌బోర్డుకే ఉండి ఇలా చేస్తుంటే బయోస్‌లో (పీసీ ఆన్ చేసేటప్పుడు తెరిచే సెట్టింగులు) ఆ హెడర్‌ను, అంటే ఫ్యాను తగిలించిన పిన్నుల చోటును, పీడబ్ల్యూఎమ్ మోడ్ నుంచి వోల్టేజీతో వేగం మార్చే డీసీ మోడ్‌కు మార్చండి. ఒకే హెడర్‌కు రెండు మూడు ఫ్యాన్లు తగిలించే స్ప్లిట్టర్ వాడేటప్పుడు స్టిక్కర్‌ల మీది ఆంపియర్లు కూడండి. ఒక హెడర్ సాధారణంగా 1 ఆంపియర్ మోస్తుంది. లైట్ల విషయంలో ఇంకో జాగ్రత్త: 5 వోల్టుల ఏఆర్‌జీబీ (రంగులు మారే లైట్ల) ఫ్యాను లైట్ల వైరును 12 వోల్టుల లైట్ల హెడర్‌కు తగిలిస్తే లైట్లు కాలిపోతాయి.

వేగం క్షణానికోలా ఎగిరిపడుతుంటే బయోస్‌లో స్టెప్ అప్ టైమ్ (వేగం పెంచేముందు ఆగే సమయం) పెంచండి. ఫ్యాను వేగం 40 డిగ్రీల దగ్గర 40 శాతం, 60 దగ్గర 55, 75 దగ్గర 80, 85 దగ్గర 100. మొదలుపెట్టడానికి ఈ వేగాల గీత (ఫ్యాన్ కర్వ్) బాగుంటుంది.

నెలలు గడిచేకొద్దీ వేడి పెరుగుతోంది

దుమ్ము. ముందు ఫిల్టర్‌తోపాటు ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) కింది ఫిల్టర్‌నూ లాగి చూడండి, దాన్ని అందరూ మరచిపోతారు. బ్లోయర్‌తో కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపండి, లేకపోతే అతివేగంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో నీటి తుంపర వస్తుంది, దానికి బోర్డును అప్పగించకండి. క్యాబినెట్ తలుపున్న కంప్యూటర్ టేబుల్ అరలో ఉంటే, పైవన్నీ సరిచేసినా వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది. బయటికి తీసి, వెనక కనీసం జానెడు ఖాళీ ఉంచండి.