వన్యప్రాణి చిత్రణ – 5వ పాఠం: మంచులో తెల్ల కుందేలు

పోయిన పాఠంలో గీసిన కుందేలు స్కెచ్‌ను పక్కన పెట్టుకోండి. ఈసారి నూనె రంగుల్లోకి దిగుదాం. మనకు దారి చూపేది స్వీడన్ చిత్రకారుడు బ్రూనో లిల్యెఫోర్స్ (1860–1939).

ఉప్సలాలో పుట్టిన ఈయన వేటగాడు కూడా. నక్కలు, కుందేళ్లు, గద్దలు పెంచుకుని, వాటి కదలికలు గమనిస్తూ గీసేవాడు. జంతువును పొల్లుపోకుండా గీసినవాళ్లు ఆయనకు ముందూ ఉన్నారు. ఈయన మాత్రం జంతువునూ, అది కూర్చున్న నేలనూ, ఆ పూట వెలుతురునూ ఒకటిగా చూశాడు. శీతాకాలపు కుందేళ్లను మళ్లీ మళ్లీ వేశాడు. వెంట్రుక వెంట్రుకా గీయడమే రియలిజం (ఉన్నది ఉన్నట్టు చూపడం) అనుకునేవాళ్లు వాటిని దగ్గరగా చూడాలి.

చాలా జంతువులకు వీపు ముదురు, పొట్ట లేత. పైనుంచి పడే వెలుతురుతో వీపు లేతగా కనిపిస్తుంది, పొట్ట నీడలోకి పోతుంది. రెండూ సరితూగి ఒంటి గుండ్రదనం కనబడదు, జంతువు పరిసరాల్లో కలిసిపోతుంది. అమెరికన్ చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో ఈ కిటుకును వివరించాడు. (తర్వాత ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా సంధ్యాకాశంలో దాక్కోవడానికే అన్నాడు. అది మరీ అతి!)

మన కొండ కుందేలుకు చలికాలంలో ఒళ్లంతా తెలుపే కాబట్టి పొట్ట కింద నీడ తేలాలి. కానీ అక్కడ మంచు ఉంది, వెలుతురును తిరిగి పైకి కొడుతుంది. అందుకే ముదురు నీడ పొట్ట అడుగున రాదు, కాస్త పైన పక్కటెముకల దిగువన వస్తుంది. ఎక్కువమంది తడబడేది ఇక్కడే.

అల్ట్రామెరైన్ బ్లూలో బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపి బూడిద రంగు తయారుచేయండి. నీలం పాలు పెంచితే నీడ, తగ్గిస్తే వెచ్చటి బొచ్చు. దానికి టైటానియం వైట్ కొద్దికొద్దిగా చేర్చండి. ట్యూబులోంచి తీసిన తెలుపును అలాగే ఎక్కడా పూయొద్దు, కంట్లో మెరుపుకు తప్ప.

ఎండ పడే వీపు, వెనకున్న మంచు ఒకే ఛాయలో ఉంటాయి. ఆ అంచు మీద పొడి కుంచెతో ఒకసారి మెల్లగా రుద్దండి, గీత కరిగిపోవాలి. చెవుల కొసలు చలికాలంలోనూ నల్లగానే ఉంటాయి. అక్కడా, కంటి దగ్గరా మాత్రం అంచు పదునుగా ఉంచండి.

రంగు తడిగా ఉండగానే నాలుగడుగులు వెనక్కి జరిగి చూడండి. కుందేలే ముందు కంటపడితే వీపు అంచు ఇంకా కరిగించాలి. ముందు మంచు, తర్వాత రెండు నల్లటి కొసలు, ఆపైన కుందేలు కనబడితే 6వ పాఠానికి రావచ్చు. అందులో ఎగిరే గద్ద రెక్కలు.