రోడ్ సైకిల్‌కి కొత్త టైర్లు ఎలా ఎంచుకోవాలి?

వారంలో మూడోసారి పంక్చర్ అయిందంటే ట్యూబును తిట్టుకోవడం మాని టైరు వైపు చూడాలి. చాలామంది కొత్త ట్యూబు వేస్తారు, ప్యాచ్ మీద ప్యాచ్ వేయిస్తారు, అయినా పంక్చర్లు ఆగవు. పైన రబ్బరు అరిగి కాగితంలా పలచబడితే చిన్న గాజు ముక్క కూడా లోపలికి దిగిపోతుంది. అప్పుడు షాపుకి వెళ్లి "రోడ్ బైక్ టైరు ఒకటి ఇవ్వండి" అని అడిగి, వాళ్ల దగ్గర ఉన్నది తెచ్చుకుంటాం. నేనూ మొదట్లో అదే చేశాను. కొంచెం చూసి కొంటే అదే సైకిల్ వేరే సైకిల్‌లా నడుస్తుంది. ఫ్రేము, గేర్లు, బ్రేకులు ఎంత ఖరీదైనవైనా రోడ్డును తాకేది టైరు ఒక్కటే, అది కూడా బొటనవేలంత మేర.

ముందుగా: నిజంగా మార్చాల్సిన టైమ్ వచ్చిందా?

చక్రాన్ని పైకెత్తి, వెలుతురులో నెమ్మదిగా తిప్పుతూ చూడండి. కొత్త టైరు పైభాగం గుండ్రంగా ఉంటుంది. వెనక టైరు అరిగేకొద్దీ మధ్యలో చదునుగా, బల్లపరుపుగా అవుతుంది. కొన్ని టైర్ల మీద అరుగుదల చూపించే చిన్న గుంటలు రెండు ఉంటాయి, అవి కనిపించకుండా పోతే టైరు పని అయిపోయినట్టే. లోపలి దారాలు ఎక్కడైనా బయటికి కనిపించినా, ఒకచోట బుడగలా ఉబ్బినా ఆ రోజే మార్చాలి. సైకిల్‌ను బాల్కనీలో ఎండకు వదిలేసేవాళ్లు అంచుల దగ్గర సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూడండి. తక్కువ తొక్కినా ఎండకు రబ్బరు ఎండిపోతుంది.

చిన్న చిన్న కోతలు అన్ని టైర్లకూ పడతాయి, వాటికి టెన్షన్ అక్కర్లేదు. పిన్నీసుతో గీరి లోపల గాజు ముక్కలు ఉంటే తీసేయండి. కోత లోపలి దారం దాకా వెళ్లిందా లేదా అన్నదే ముఖ్యం. ముందు టైరు మీద అలాంటి కోత ఒకటి చూసి కూడా "ఇంకో నెల నడుస్తుందిలే" అనుకుని, అనంతగిరి గుట్టల దిగుడులో టైరు పేలి పడిపోయాను. మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. వెనక చక్రం గాలి పోతే సైకిల్ ఊగుతుంది, మనం ఆపుకోగలం. ముందు చక్రం పోతే హ్యాండిల్ మన చేతిలో ఉండదు.

అందుకే నేను పాటించే పద్ధతి ఇది. బరువు ఎక్కువ మోసేది, పెడల్ బలం పడేది వెనక టైరు కాబట్టి ముందు అదే అరుగుతుంది. అది అరిగినప్పుడు, ముందున్నది బాగుంటే దాన్ని తీసి వెనక వేయండి. కొత్తది ముందు వేయండి. డబ్బు ఒక టైరుకే పెట్టగలిగినా మంచి టైరు ముందే ఉండాలి.

టైరు మీది అంకెలు చదవడం

టైరు పక్క భాగం మీద 700×25సి అనో, 25-622 అనో ఉంటుంది. రెండోది చూసుకోండి, అందులో పొరపాటుకు తావు లేదు. 25 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 622 అంటే రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం, అదీ మిల్లీమీటర్లలోనే. ఈ రెండో అంకె తప్పకుండా కలవాలి. ఒక్క మిల్లీమీటరు తేడా కూడా కుదరదు.

అంగుళాల్లో మాత్రం అడగొద్దు. మన పాత 28 అంగుళాల పెద్ద సైకిల్ టైరు 635. 28 అంగుళాలు అని రాసి ఉన్న కొన్ని రోడ్ టైర్లు 622. 29 అంగుళాల మౌంటెన్ బైక్ రిమ్ము కూడా 622నే. పాత 27 అంగుళాల రోడ్ సైకిల్ 630. ఒకసారి ఒక షాపులో "27, 28 అన్నీ ఒకటే సార్" అని చెప్తే నమ్మి 630 టైరు తెచ్చుకున్నాను. రిమ్ము మీద కూర్చోలేదు, వదులుగా జారిపోయింది. అప్పటి నుంచి పాత టైరు పక్కభాగాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకుని వెళ్తున్నాను.

ఎంత వెడల్పు టైరు పడుతుంది?

ఇక్కడ కొలిచి చూడాలి, ఊహించొద్దు. ఇప్పుడున్న టైరు 25 అనుకోండి, 28 వేయాలని ఉంది. వెడల్పు 3 మిల్లీమీటర్లు పెరిగితే ఒక్కో పక్కకి ఒకటిన్నర పెరుగుతుంది, ఎత్తు దాదాపు 3 పెరుగుతుంది. కొత్త టైరు వేశాక కూడా చుట్టూ కనీసం 4 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి. అంటే ఇప్పుడు పక్కల్లో ఐదున్నర, పైన 7 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి అలెన్ కీలు చాలు. కీ నంబరే దాని మందం మిల్లీమీటర్లలో, కాబట్టి టైరుకీ ఫ్రేముకీ మధ్య పక్కల్లో 6 నంబరు కీ, పైన 8 నంబరు కీ దూర్చి చూడండి. మూడు చోట్ల చూడాలి: ముందు ఫోర్కు కింద, బ్రేకు కింద, వెనక పెడల్ ఇరుసు దగ్గర ఫ్రేము గొట్టాల మధ్య. చాలాసార్లు ఇబ్బంది వచ్చేది ఈ చివరి చోటే. ఖాళీ తక్కువైతే వానాకాలంలో టైరుకి అంటిన బంకమట్టి, చిన్న రాయి ఫ్రేము పెయింటును గీకేస్తాయి, ఒక్కోసారి చక్రమే బిగుసుకుపోతుంది.

రిమ్మును పట్టుకుని ఆపే పాత పద్ధతి బ్రేకులున్న రోడ్ సైకిళ్లలో చాలావాటికి 25 పడుతుంది, కొన్నింటికి 28 దాకా వెళ్లొచ్చు. డిస్క్ బ్రేకుల సైకిళ్లకు సాధారణంగా 28, 30, 32 కూడా పడతాయి. రిమ్ము లోపలి వెడల్పు కూడా చూసుకోండి. 28 అని రాసి ఉన్న టైరు 21 మిల్లీమీటర్ల వెడల్పు రిమ్ము మీద 29, 30 దాకా సాగొచ్చు.

మీరు తొక్కేది ఏ రోడ్డు?

బ్రాండు సంగతి తర్వాత. ముందు ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ మీద 25 టైరు హాయిగా పోతుంది. కానీ ఇంటి నుంచి ఆ ట్రాక్ దాకా ఎలా వెళ్తున్నారు? స్పీడ్ బ్రేకర్లు, మ్యాన్‌హోల్ మూతలు, పైపులైన్ కోసం తవ్వి సరిగ్గా పూడ్చని గుంటలు దాటుకుంటూ. జిల్లాల్లో తొక్కేవాళ్లకి కంకర తేలిన తారు రోడ్డు మామూలే. టైరును ఆ రోడ్డుకి తగ్గట్టు ఎంచుకోవాలి. మీ ఫ్రేముకి 28 పడితే 28 వేయండి, 32 పడితే ఇంకా మంచిది.

సన్న టైరులో గట్టిగా గాలి కొడితే వేగం ఎక్కువ అని చాలా ఏళ్లు అందరం నమ్మాం. 23 మిల్లీమీటర్ల టైరులో 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టుకుని తిరిగేవాళ్లం. నున్నటి ఇనప డ్రమ్ము మీద పరీక్షిస్తే అది కొంతవరకు నిజమే. గరుకు రోడ్డు మీద మాత్రం గట్టి టైరు ప్రతి రాయికీ ఎగిరిపడుతుంది, ఎగిరిన ప్రతిసారీ మన శ్రమలో కొంత వృథా అవుతుంది. ఇనప పట్టా చక్రాల ఎడ్ల బండి, రబ్బరు టైర్ల బండి రెండూ ఎక్కినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. గాలి టైరుకి 1888లో పేటెంట్ తీసుకున్న జాన్ బాయ్డ్ డన్‌లప్ బెల్‌ఫాస్ట్‌లో ఒక పశువైద్యుడు. కొడుకు మూడు చక్రాల సైకిల్‌కి కుదుపు తగ్గించడానికే మొదట దాన్ని చేశాడు. పెద్ద పెద్ద రేసుల్లో కూడా ఇప్పుడు 28, 30 టైర్లే మామూలయ్యాయి.

ఇక పంక్చర్లు. మన దగ్గర మూడు శత్రువులు. మట్టి అంచుల్లో పల్లేరు కాయలు, తుమ్మ ముళ్లు. పట్నంలో గాజు పెంకులు. హైవే మీద పేలిన లారీ టైర్ల నుంచి రాలిన సన్నటి ఉక్కు తీగలు. ఈ తీగలు వెంట్రుకలా ఉంటాయి, కంటికి సరిగ్గా కనపడవు. పంక్చర్ అయినప్పుడు టైరు లోపలంతా వేలితో జాగ్రత్తగా తడిమి తీగను పట్టుకోకపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. హైవే అంచు మీద రోజూ తొక్కేవాళ్లు ట్రెడ్ (రోడ్డును తాకే పై రబ్బరు) కింద రక్షణ పట్టీ ఉన్న టైరే తీసుకోండి. అలాంటి టైరు కొంచెం బరువు, కొంచెం బిరుసు. ఉదయాన్నే ఆఫీసుకి సైకిల్ మీద వెళ్లేవాళ్లకి ఆ బరువు వల్ల నష్టమేమీ లేదు.

రోడ్ టైరు నున్నగా ఉంటే వానలో జారుతుందేమో అని చాలామంది భయపడతారు. కారు టైరు వెడల్పుగా ఉండి నీటి మీద తేలుతుంది కాబట్టి దానికి గాడులు కావాలి. సైకిల్ టైరు సన్నగా, గుండ్రంగా ఉండి నీటిని పక్కలకు చీల్చుకుంటూ పోతుంది. తడిలో పట్టు ఇచ్చేది రబ్బరు నాణ్యత, సరైన గాలి. గాడులు కావు.

తీగ టైరా, మడత టైరా, ట్యూబ్‌లెస్సా?

టైరు అంచులో ఉక్కు తీగ ఉంటే ధర తక్కువ, బరువు ఎక్కువ. కెవ్లార్ లాంటి గట్టి దారం ఉంటే మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. రోజువారీ తిరుగుడికి తీగ టైరు చాలు. 13 గంటల 30 నిమిషాల్లో ముగించాల్సిన 200 కిలోమీటర్ల బ్రెవెట్ లాంటి దూర ప్రయాణాలు చేసేవాళ్లకి మడత టైరు ఒకటి వెంట ఉంటే ధైర్యం.

అంగుళానికి ఎన్ని దారాలో చెప్పే టీపీఐ అంకెను చూసి మోసపోవద్దు. 60 ఉన్నది దృఢంగా, 120 ఉన్నది మెత్తగా ఉంటుందని స్థూలంగా అనుకోవచ్చు. కానీ కొన్ని కంపెనీలు పొరలన్నీ కలిపి లెక్క చెప్తాయి. కాంటినెంటల్ కంపెనీ జీపీ5000 టైరు మీద కనిపించే 330 అలా 110 చొప్పున మూడు పొరల లెక్క.

ట్యూబ్‌లెస్ మంచిదే, చిన్న ముళ్లు గుచ్చుకుంటే లోపలి ద్రవం దానంతట అదే పూడ్చేస్తుంది. కానీ మన ఎండలకు ఆ ద్రవం రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది, మళ్లీ పోయాలి. దారిలో పెద్ద కోత పడితే ఊళ్లో మెకానిక్కు చేయగలిగింది తక్కువ. రిమ్ము ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేది కాకపోతే ఆ ఆలోచనే వద్దు. రిమ్ము హుక్‌లెస్ రకం (టైరు అంచును పట్టి ఉంచే కొక్కెం లాంటి వంపు లేనిది) అయితే ఇంకా జాగ్రత్త: దానికి పనికొస్తుందని రాసి ఉన్న ట్యూబ్‌లెస్ టైరే వేయాలి, గాలి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ దాటకూడదు.

షాపులో

పంక్చర్లే మీ బాధ అయితే కాంటినెంటల్ గేటర్‌స్కిన్, ష్వాల్బే మారథాన్ లాంటివి చూడండి. గేటర్‌స్కిన్‌కి తడి రోడ్డు మీద పట్టు కాస్త తక్కువన్న మాట రైడర్లలో బాగా వినిపిస్తుంది. వేగం, సుఖం రెండూ కావాలంటే జీపీ5000 తరగతి టైర్లు, ధర కూడా ఆ తరగతిదే. మధ్యస్థంగా విట్టోరియా రుబినో, కాంటినెంటల్ అల్ట్రా స్పోర్ట్ ఉన్నాయి, మొదటిసారి మార్చేవాళ్లకి నేను వీటినే చెప్తాను. కొనే ముందు టైరును చేత్తో వంచి చూడండి. అద్దాల కిటికీలో ఎండకు ఏళ్ల తరబడి వేలాడిన టైరు అయితే వంచగానే సన్న పగుళ్లు బయటపడతాయి. డిస్కౌంట్ ఎంత ఇచ్చినా అది వద్దు.

దాంతోపాటే ట్యూబు కూడా సరిపోయేది తీసుకోండి. డబ్బా మీద 25-32 అని ఉంటే 28 టైరుకి సరిపోతుంది. రోడ్ రిమ్ములకి ఎక్కువగా సన్న ప్రెస్టా వాల్వు ఉంటుంది, మోటార్‌సైకిల్ లాంటి లావు వాల్వు ఆ రంధ్రంలో పట్టదు. రిమ్ము లోతైనదైతే పొడుగు వాల్వు అడగండి.

ఎక్కించడం, గాలి

టైరు మీద బాణం గుర్తు ఉంటే చక్రం తిరిగే వైపుకి పెట్టండి. కంపెనీ పేరు వాల్వు దగ్గరికి వచ్చేలా ఎక్కించండి. రేపు ట్యూబులో రంధ్రం దొరికితే టైరులో ముల్లు ఎక్కడుందో దాన్నిబట్టి తెలిసిపోతుంది. ట్యూబులో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేశాకే లోపల పెట్టండి. చివరి భాగం బిగుతుగా ఉంటే మిగతా అంచునంతా రిమ్ము మధ్య పల్లంలోకి నొక్కుతూ రండి, వదులు దొరుకుతుంది. లివరు (టైరు అంచును ఎత్తే చిన్న పనిముట్టు) వాడకుండా బొటనవేళ్లతోనే ఎక్కించగలిగితే ట్యూబు నలగదు. తర్వాత రెండు పక్కలా టైరును తోసి చూసి, ట్యూబు ఎక్కడా నొక్కుకోలేదని తేలాకే పూర్తిగా గాలి కొట్టండి.

టైరు మీద రాసిన గరిష్ఠ అంకె మనం కొట్టాల్సిన గాలి కాదు. 70 కిలోల మనిషికి 25 టైరులో ముందు 80, వెనక 88 పీఎస్ఐ, 28 టైరులో 67, 74, 32 టైరులో 52, 58 దగ్గర మొదలుపెట్టండి. 85 కిలోలు ఉంటే ఇంకో 8, 10 కలపండి, వానలో ఓ 5 తగ్గించండి. గేజీ ఉన్న నిలువు పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. సన్న టైరులో గాలి రోజూ కొంత తగ్గుతుంది, వేలితో నొక్కి చూస్తే అది తెలియదు.

పాత టైరును పారేసే ముందు దాని పక్క భాగం నుంచి నాలుగు అంగుళాల ముక్క కోసి, అంచు తీగ తీసేసి, సీటు కింద బ్యాగులో పెట్టుకోండి. దారిలో ఎప్పుడైనా టైరు చీలితే ట్యూబుకీ చీలికకీ మధ్య ఆ ముక్క పెట్టి, కాస్త తక్కువ గాలితో ఇంటిదాకా నెమ్మదిగా రావచ్చు.