చాట్‌బాట్‌తో ఇంజినీరింగ్ చదువు - 3వ పాఠం: ముందు మీ లెక్క, తర్వాత దాని మాట

పోయిన పాఠంలో ప్రశ్నను వివరంగా ఎలా అడగాలో చూశాం. ఈసారి ఒకే ఒక్క లెక్క పట్టుకుని కూర్చుందాం. పెన్ను, తెల్లకాగితం దగ్గర పెట్టుకోండి. ఫోన్ కాసేపు బోర్లా పెట్టండి.

6 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్, అంటే రెండు చివర్లా ఆధారాల మీద ఊరికే ఆనించిన దూలం. ఎడమ చివర ఎ, కుడి చివర బి. ఎడమ సగం మీద, అంటే ఎ నుంచి 3 మీటర్ల వరకే, మీటరుకు 10 కిలోన్యూటన్ల యూడీఎల్ (సమానంగా పరుచుకున్న లోడ్) ఉంది. గరిష్ఠ బెండింగ్ మూమెంట్ (లోడ్ బీమ్‌ను వంచే ప్రభావం) ఎంత, ఎక్కడ వస్తుంది? సివిల్, మెకానికల్ వాళ్లకు రెండో ఏడాదిలో తగిలే రకమే.

ఇదే ఎందుకు ఎంచుకున్నానో చెబుతాను. ఒకసారి అసైన్‌మెంట్లు దిద్దుతుంటే ఇలాంటి లెక్కకే పేపరు తర్వాత పేపరులో జవాబు 45 అని కనిపించింది. వివరణ కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై 8 సూత్రంలో (డబ్ల్యూ మీటరుకు లోడ్, ఎల్ బీమ్ పొడవు) 10, 6 వేస్తే 45 కిలోన్యూటన్ మీటర్లు వస్తుంది, నిజమే. కానీ అది బీమ్ మొత్తం మీద లోడ్ ఉన్నప్పటి మాట. సగం లోడ్ తీసేసినా మూమెంట్ తగ్గకపోవడమేమిటని ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్లలో బాగా చదివే పిల్లలూ ఉన్నారు. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. అప్పటి నుంచి వచ్చిన ఇలాంటి చాట్‌బాట్‌లలో చాలావాటికి పునాది ఒకటే: ఇంతవరకు ఉన్న మాటల తర్వాత ఏ మాట రావచ్చో అంచనా కట్టడం. యూడీఎల్ అనగానే పుస్తకాల్లో, నోట్సుల్లో ఎక్కువగా కనిపించేది బీమ్ నిండా లోడ్ ఉన్న లెక్క. చాట్‌బాట్ అంచనా కూడా అటే జారే ప్రమాదం ఉంది. ఇప్పటి చాట్‌బాట్‌లు ఇలాంటి లెక్కలు చాలాసార్లు సరిగ్గానే చేస్తాయి. చిక్కల్లా, తప్పు చెప్పినా అంతే ధీమాగా చెబుతాయి.

కాబట్టి ముందు మీరే చేయండి. మొత్తం లోడ్ 30 కిలోన్యూటన్లు. అది ఎ నుంచి 1.5 మీటర్ల దగ్గర పనిచేస్తున్నట్టు లెక్క. ఎ దగ్గర మూమెంట్లు తీసుకుంటే బి రియాక్షన్ (బి దగ్గరి ఆధారం పైకి నెట్టే బలం) 30×1.5÷6, అంటే 7.5. మిగిలిన 22.5 ఎ రియాక్షన్. ఇక్కడిదాకా అందరూ వస్తారు. ఆ తర్వాత చాలామంది అలవాటుగా బీమ్ మధ్యకు వెళ్లి, 7.5×3 వేసి, గరిష్ఠం 22.5 అని గీత గీసేస్తారు. మీరూ అలాగే చేశారనుకుందాం. చెరిపేయకండి, ఆ తప్పే ఇప్పుడు మనకు పనికొస్తుంది.

ఇప్పుడు ఫోన్ తీసి, లెక్కనూ మీరు చేసిన స్టెప్పులనూ టైప్ చేసి, కింద ఇలా రాయండి: "పూర్తి జవాబు చెప్పొద్దు. నా పనిలో మొదటి తప్పు ఏ స్టెప్పులో ఉందో చూసి, దాన్ని నేనే పట్టుకునేలా ఒక్క ప్రశ్న అడుగు. వివరణ తెలుగులో ఉండాలి, టెక్నికల్ పదాలు ఇంగ్లిష్‌లోనే ఉంచు." ఆ చివరి మాట ముఖ్యం, రేపు పరీక్ష పేపరు ఇంగ్లిష్‌లో వస్తుంది కదా. బొమ్మను ఫొటో తీసి పంపినా సరే, లోడ్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మాటల్లో కూడా రాయండి. చేత్తో గీసిన బొమ్మలో కొలతలు తప్పుగా చదివే అవకాశం ఉంది.

సరిగ్గా పనిచేస్తే అది అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "బీమ్ మధ్యలో షియర్ ఫోర్స్ ఎంత?" షియర్ ఫోర్స్ అంటే ఆ చోట బీమ్‌ను అడ్డంగా కోసేలా పనిచేసే నిలువు బలం. కాగితం మీదే చూడండి. 22.5లోంచి 30 తీస్తే మైనస్ 7.5. ఈ లెక్కలో మూమెంట్ గరిష్ఠం అయ్యేది షియర్ సున్నా అయ్యేచోట. ఇక్కడ సున్నా కాలేదు, అంటే గరిష్ఠం అక్కడ లేదు. షియర్ సున్నా అయ్యేది 22.5÷10, అంటే ఎ నుంచి 2.25 మీటర్ల దగ్గర. అక్కడి మూమెంట్ 22.5×2.25లోంచి 10×2.25×2.25÷2 తీసేస్తే 25.31 కిలోన్యూటన్ మీటర్లు. ఈ స్టెప్పు మీ చేత్తో వేశాక వైవాలో ఎవరు అడిగినా టెన్షన్ ఉండదు.

ఇంకా ఒక్క పని ఉంది, నాకు చాలా ఇష్టమైనది. జవాబు మీదైనా చాట్‌బాట్‌దైనా, ఇంకో దారిలో సరిచూడాలి. ఎడమ సగం మీది లోడ్‌ను, అద్దంలో తిప్పినట్టు కుడి సగం మీది లోడ్‌ను కలిపితే బీమ్ నిండా లోడ్ అవుతుంది. అప్పుడు మధ్యలో 45. రెండు సగాలూ మధ్యలో సమానంగా పంచుకోవాలి కాబట్టి ఒక్కోదానికి 22.5. మన లెక్కలో మధ్య విలువ సరిగ్గా అంతే వచ్చింది. అంటే రియాక్షన్లు సరైనవే. ఈ పరీక్షకు పట్టేది అర నిమిషం. ఆ అసైన్‌మెంట్లలో 45 అని రాసినవాళ్లెవరైనా ఇది చేసి ఉంటే అక్కడే ఆగేవారు.

వచ్చే పాఠానికి ఇంటిపని: అదే బీమ్, అదే మీటరుకు 10, కానీ లోడ్ మధ్య 2 మీటర్ల మీదే, ఎ నుంచి 2 మీటర్ల దగ్గర మొదలై 4 దగ్గర ఆగుతుంది. చాట్‌బాట్ తెరిచే ముందు, గరిష్ఠ మూమెంట్ 15కీ 30కీ మధ్యే ఎందుకు ఉండాలో రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి.